కరెంటు కోత ఆగింది, సోలార్ డబ్బు వృథాయేనా?

పోయిన శనివారం గుడి వంటగదిలో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాం. పురటాసి మాసం కాబట్టి శనివారం భోజనాలకి జనం ఎక్కువ. నా పక్కన కూర్చున్న అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి, ఈమధ్యే ఇల్లు కొన్నాడు. "ఆంటీ, ఇప్పుడు లోడ్ షెడ్డింగ్ లేదు కదా, మీరు సోలార్‌కి పెట్టిన డబ్బంతా వృథా అయినట్టేనా? నేను పెట్టించాలా వద్దా?" అని అడిగాడు.

అతను ఇంగ్లీషులో అడిగాడు, నేనూ ఇంగ్లీషులోనే ఏదో చెప్పాను. డర్బన్‌లో మనం అందరం అంతే కదా. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాల్లేదు. అందుకే ఈ వారం తెలుగులో రాస్తున్నాను. తెలుగులో ఒక్కో మాట వెతుక్కోవాలి కాబట్టి నాకు నిదానంగా ఆలోచించే వీలు దొరుకుతుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. డబ్బు వృథా కాలేదు. ఇల్లున్నవాళ్ళు, కొంచెం డబ్బున్నవాళ్ళు సోలార్ పెట్టించుకోవడం మంచిదే. కానీ పెట్టించుకున్నాక "మాకు ఇంక మీ లైను అక్కర్లేదు" అని ఉమ్మడి లైనుకి వీపు తిప్పకూడదు. దాని ఖర్చులో మన వంతు మనం ఇవ్వాలి. ఈ రెండో మాట మా ఆయనకే నచ్చదు. మీలో కూడా కొందరికి నచ్చదని తెలుసు. అయినా రాస్తాను.

ముందు ఒక మాట గురించి. మనం లోడ్ షెడ్డింగ్ అనేదాన్ని ఆంధ్ర, తెలంగాణ పత్రికలు "కరెంటు కోత" అని రాస్తాయి. అది మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. కోత అంటే పంట కోయడం అనే నాకు తెలుసు. మా ముత్తాత నాటాల్‌కి వచ్చింది చెరకు కోతకి. ఐదేళ్ళ ఒప్పందం మీద వచ్చి, ఈ ఎండలోనే పని చేశాడు. అదే మాట కరెంటు తీసేయడానికి కూడా వాడతారని అరవై దాటాక నేర్చుకున్నాను.

మన దేశంలో ఈ కోతలు 2007, 2008 నుంచి ఉన్నాయి. అన్నిటికంటే ఘోరమైన ఏడాది 2023. స్టేజ్ ఒకటి అంటే దేశమంతటా కలిపి వెయ్యి మెగావాట్లు తగ్గించడం, స్టేజ్ ఆరు అంటే ఆరు వేలు. ఆ ఏడాది స్టేజ్ ఆరు చాలాసార్లు వచ్చింది. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, రెండేసి గంటలు కరెంటు ఉండేది కాదు.

అప్పుడు మా అమ్మ మాతోనే ఉండేది. ఆమెకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల రాత్రిపూట ఆక్సిజన్ యంత్రం పెట్టుకునేది. అది కరెంటుతో నడుస్తుంది. కోత మొదలవగానే నేను లేచి సిలిండర్ తగిలించేదాన్ని. ఒక రాత్రి అలారం మోగలేదో, నాకే వినపడలేదో. లేచి చూసేసరికి అమ్మ మంచం మీద కూర్చుని గోడ పట్టుకుని ఊపిరి కోసం కష్టపడుతోంది. "నిన్ను లేపడం ఎందుకని" అంది. మరునాడు పొద్దున్నే మా ఆయన ఫోన్ తీసుకుని ఇన్వర్టర్లు అమ్మేవాళ్ళకి వరసగా ఫోన్లు చేశాడు.

భయంతో కొన్నాం. భయంతో కొన్నది ఎప్పుడూ సరిగ్గా కుదరదు. మొదట వచ్చినతను మాకు ఇన్వర్టరూ పెద్ద బ్యాటరీ అమ్మాడు. పైకప్పు మీద ఏమీ పెట్టలేదు. "ఇదే సోలార్, పలకలు తర్వాత పెట్టుకోవచ్చు" అన్నాడు. అది సోలార్ కాదు. కరెంటు ఉన్నప్పుడు దాన్ని డబ్బాలో దాచుకుని, లేనప్పుడు తీసుకోవడం, అంతే. నీళ్ళు రానప్పుడు కోసం బిందెలు నింపుకున్నట్టు. బిందె నీళ్ళని పుట్టించదు కదా. పైగా నింపేటప్పుడు, తీసేటప్పుడు కొంత కరెంటు పోతుంది, కాబట్టి మా బిల్లు కొంచెం పెరిగింది కూడా. అయినా అమ్మ యంత్రం రాత్రంతా ఆగకుండా నడిచింది. ఆ ఒక్క కారణానికి నేను ఆ బ్యాటరీని తిట్టను.

పలకలు 2023 చివర్లో పెట్టించాం. ఆ ఏడాది మార్చి 1 నుంచి 2024 ఫిబ్రవరి 29 వరకు ప్రభుత్వం ఇళ్ళవాళ్ళకి పన్నులో తగ్గింపు ఇచ్చింది. కొత్త పలకల ధరలో నాలుగో వంతు, ఎక్కువలో ఎక్కువ 15,000 రాండ్లు. బ్యాటరీకి, ఇన్వర్టర్‌కి ఆ తగ్గింపు లేదు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కరెంటు పుట్టించేది పలకే.

ఇంకో చిన్న సంగతి. తెలుగు వీడియోలు చూస్తే పలకలు దక్షిణానికి తిప్పి పెట్టమంటారు. అది వాళ్ళకి. మనం భూమధ్యరేఖకి కింద ఉన్నాం. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, కాబట్టి మన పలకలు ఉత్తరాన్ని చూడాలి. తెలుగులో చదివి ఇక్కడ చేసేటప్పుడు ఇలాంటివి చూసుకోండి.

ఇప్పుడు లాభం లెక్క. మావి ఎనిమిది పలకలు, ఒక్కోటి 550 వాట్లు. మొత్తం 4.4 కిలోవాట్లు. డర్బన్ ఎండకి ఒక కిలోవాట్ పలకలు ఏడాది సగటున రోజుకి దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే మాకు రోజుకి పదిహేడు యూనిట్ల దాకా రావాలి. వేసవిలో మబ్బులు, వానలు ఎక్కువ. చలికాలంలో పగలు చిన్నది, కానీ ఆకాశం తేటగా ఉంటుంది. అందుకే మా దగ్గర చలికాలం కూడా మరీ తక్కువేమీ కాదు.

అయితే మొదటి మూడు నెలలు అందులో మూడో వంతే వాడాం. ఎందుకంటే మా అలవాట్లు మారలేదు. తెల్లవారుజామున ఐదింటికి గీజర్, రాత్రి ఇస్త్రీ, రాత్రి బట్టల మిషన్. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏదీ నడిచేది కాదు. వాడేవాళ్ళు లేకపోతే ఇన్వర్టర్ పలకల నుంచి తీసుకోవడం తగ్గించేస్తుంది. ఎండ ఉంటుంది, కోసుకునేవాళ్ళు ఉండరు.

తర్వాత గీజర్‌కి టైమర్ పెట్టాం. పదకొండింటికి వేడెక్కడం మొదలవుతుంది. దానిది మూడు కిలోవాట్లు, ఇంట్లో అందరికంటే ఎక్కువ తినేది అదే. మధ్యాహ్నం కాగిన నీళ్ళు పొద్దున దాకా వెచ్చగానే ఉంటాయి. బట్టలు పది తర్వాత, ఇస్త్రీ పన్నెండింటికి. ఇప్పుడు రోజుకి పదకొండు యూనిట్లు సోలార్‌వే వాడుతున్నాం. యూనిట్ మూడు రాండ్లు అనుకుంటే రోజుకి 33, నెలకి వెయ్యికి పది తక్కువ. ధర పెరిగేకొద్దీ ఇది కూడా పెరుగుతుంది. ఎస్కామ్ ధరలు 2023లో 18.65 శాతం, 2024లో 12.74, 2025లో మళ్ళీ 12.74 పెరిగాయి. పలకలకి సాధారణంగా పాతికేళ్ళ హామీ ఉంటుంది. కాబట్టి కోత ఆగినా పలకలు పని ఆపలేదు. పెద్ద బ్యాటరీ మాత్రం ఇప్పుడు సగం ఖాళీగా కూర్చుంది. ఆ అబ్బాయికి నా మొదటి సలహా ఇదే. ముందు టైమర్, తర్వాత పలకలు, చివరికి చిన్న బ్యాటరీ. మేం దీన్ని తలకిందులుగా చేశాం.

కోతలు 2024 మార్చి 26న ఆగి, దాదాపు పది నెలలు రాలేదు. 2025 మొదట్లో కొన్ని రోజులు మళ్ళీ వచ్చాయి. ఆగడానికి కారణం పాత బొగ్గు కేంద్రాల మరమ్మతు. దానికి తోడు మన పైకప్పులు కూడా సాయం చేశాయి. ఎస్కామ్ అంచనా ప్రకారం 2022 మార్చిలో దేశంలో పైకప్పు సోలార్ 983 మెగావాట్లు. 2023 జూన్ నాటికి 4,412. పదిహేను నెలల్లో నాలుగు రెట్లు దాటింది. ఎవరి భయంతో వాళ్ళు కొన్నారు, కానీ అందరికీ కొంత మేలు జరిగింది.

ఇక నచ్చని మాటకి వస్తాను.

మా పక్కింటి వెనక గదిలో ఒక అవ్వ అద్దెకి ఉంటుంది. పెన్షన్ మీద బతుకుతుంది. ప్రీపెయిడ్ మీటర్, నెల చివర ఇరవై రాండ్లు, ముప్పై రాండ్లు వేసుకుంటుంది. కోతలప్పుడు ఫోన్ ఛార్జ్ చేసుకోవడానికి, ఫ్లాస్కులో వేడినీళ్ళకి మా ఇంటికి వచ్చేది. పైకప్పు ఆమెది కాదు. సొంతిల్లు ఉన్నా ఆమె పలకలు కొనలేదు. పేదవాళ్ళకి నెలకి 50 యూనిట్లు ఉచితంగా ఇచ్చే పథకం ఉంది కానీ ఒక చిన్న ఫ్రిజ్‌కే అందులో సగం పోతుంది.

స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిని బాగుచేసే మనుషులు, వీటి ఖర్చు మనం యూనిట్లు తక్కువ కొన్నామని తగ్గదు. ఆ డబ్బు ఇన్నాళ్ళూ ఎక్కువగా యూనిట్ ధరలోనే కలిసి ఉండేది. నేను నెలకి మూడు వందల యూనిట్లు తక్కువ కొంటే, నేను ఇవ్వని ఆ భాగం ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆ ఎవరో ఒకరు మా అవ్వే అవుతుంది. అందుకే సోలార్ ఇళ్ళకి నెలనెలా ఒక స్థిర రుసుము పెడతామంటే నేను కోప్పడను. అది న్యాయంగా, అందరికీ కనపడే లెక్కతో ఉండాలని మాత్రం అడుగుతాను.

మా ఆయన వాదన వేరు. "మనకి కరెంటు ఇవ్వలేకపోయారు. మన డబ్బుతో మనం ఏర్పాటు చేసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ వాళ్ళకే ఎందుకు కట్టాలి?" ఆ కోపం నాకు తెలుసు. అమ్మని ఆ రాత్రి చూసింది నేనే. కానీ మేం నిజంగా విడిపోయామా? నాలుగు రోజులు ముసురు పట్టి వాన కురిస్తే మా బ్యాటరీ మొదటి రాత్రికే అయిపోతుంది. అప్పుడు ఏమీ అనకుండా లైను మమ్మల్ని నిలబెడుతుంది. మన పెరట్లో బావి తవ్వుకున్నామని ఊరి బావిలో మట్టి పోయం కదా. ఎండాకాలంలో మనమే బిందె పట్టుకుని అక్కడికి వెళ్ళాల్సి రావచ్చు.

నమోదు విషయం కూడా ఇందులోదే. చాలామంది సోలార్ పెట్టించి మునిసిపాలిటీకి చెప్పరు, రుసుము వేస్తారని భయం. చెప్పండి. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పత్రం తీసుకోండి. తప్పుగా కలిపిన ఇన్వర్టర్ నుంచి కరెంటు వెనక్కి లైనులోకి పారితే, స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణానికే ముప్పు. ఆయన కూడా ఎవరి ఇంటి కొడుకో. నిప్పు అంటుకుంటే, పత్రం లేదని ఇన్సూరెన్స్‌వాళ్ళు డబ్బు ఇవ్వకపోవచ్చు కూడా.

మరి అవ్వలాంటి వాళ్ళకి సోలార్ ఎలా అందాలి? నా ఆశ ఉమ్మడి పైకప్పుల మీద ఉంది. మా గుడి హాలు పైకప్పు పెద్దది, గోపురం నీడ పడదు. గుడికి కరెంటు కావలసింది ఎక్కువగా సాయంత్రాలు, శనివారాలు. మిగతా రోజుల ఎండంతా మిగులే. తిరుమలలో 2002లోనే ఎండ వేడితో ఆవిరి చేసి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. కాబట్టి ఇది మన దేవుడికి కొత్త కాదు. కేప్ టౌన్‌లో నమోదైన ఇళ్ళ మిగులు యూనిట్లని నగరం తీసుకుని బిల్లులో తగ్గిస్తుంది. అలాంటి తగ్గింపు గుడికి వస్తే, ఆ డబ్బుతో మన వీధిలోని పెన్షన్‌వాళ్ళకి యూనిట్లు కొనివ్వవచ్చు. అన్నదానం లాగే ఇది కూడా దానమే.

కమిటీలో ఈ మాట ఒకసారి ఎత్తాను. "ముందు రంగులు వేయించాలి" అన్నారు. సరే, రంగులు కూడా కావాలి. వచ్చే నెల మళ్ళీ ఎత్తుతాను.

అమ్మ పోయిన ఏడాది వెళ్ళిపోయింది. యంత్రం తిరిగి ఇచ్చేశాం. పలకలు అలాగే ఉన్నాయి, ఈ పూట కూడా గీజర్ వేడెక్కుతోంది. ఆ అబ్బాయికి వచ్చే శనివారం ఇదంతా తెలుగులోనే చదివి వినిపిస్తానని చెప్పాను. సగం అర్థం కాకపోతే బంగాళాదుంపలు తీస్తూ వివరిస్తాను. కమిటీ మీటింగుకి కూడా రమ్మన్నాను, నాకు ఇంకో చెయ్యి కావాలి. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. రుసుము గురించి నాతో ఒప్పుకోనివాళ్ళు కూడా రాయండి, తెలుగులోనే.