కుండ ఖంగుమనాలి, ర్యాకు ఖంగుమనకూడదు

బల్ల కొనబోయేవాడు దాని మీద పెట్టబోయే బరువు చూసుకోవాలి గాని, బల్ల అందం చూడకూడదు. ఇది మా ఇంట్లో అందరికీ మొదటినుంచీ తెలిసిన సంగతేనట. నాకు మాత్రం తెలియటానికి ఆరువేల రూపాయలూ, ఒక మాయాబజార్ రికార్డూ ఖర్చయినాయి. రూపాయలంటే మళ్ళీ సంపాదించుకోవచ్చు. రికార్డు సంగతి వేరు.

మా నాన్నగారు పోయిన మాఘానికి ముందు మాఘంలో కాలం చేశారు. సంవత్సరీకాలు అయినాక మా అమ్మను గుడివాడ దగ్గర పల్లెనుంచి బెజవాడ తీసుకువచ్చాము. ఆవిడ వెంట మూడు పెట్టెలు వచ్చినాయి. చిన్న ట్రంకుపెట్టె ఆవిడ చీరలది. పెద్దవి రెండూ రికార్డులవి. రెండువందల దాకా నాన్నగారు కొన్న ఎల్పీలు, మరో ముప్ఫై మా తాతగారి కాలంనాటి 78లు.

"ఒరే, నా చీరలు అటకమీద పడేసినా ఫరవాలేదు. వీటికి మాత్రం ఒక చోటు చూడు" అన్నది.

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. తాతగారి పాత రికార్డు ప్లేయరును బాగుచేయించి, ఒక ఆంప్లిఫయరూ, రెండు స్పీకరు పెట్టెలూ ఎక్కడో సగం ధరకు పట్టుకువచ్చాడు. ఇక అవన్నీ పెట్టటానికి ఒక ర్యాకు కావాలి. "వడ్రంగిని పిలిచి కొలతలిస్తే వారంలో చేసి పెడతాడు కదండీ" అన్నది మా ఆవిడ. నేను వినలేదు. ఆన్‌లైన్‌లో ఒక బొమ్మ చూశాను. నాలుగడుగుల పొడవు, నిగనిగలాడే గోధుమరంగు, సన్నని కాళ్ళు. బొమ్మలో దానిమీద ఒక పూలకుండీ, రెండు పుస్తకాలు ఉన్నాయి. అది మొయ్యగలిగింది కూడా ఆ పూలకుండీనీ, ఆ రెండు పుస్తకాలనేనని తరువాత తెలిసింది.

శ్రావణమాసంలో ఒక ముసురు రోజున, నేను క్లాసులో ఉండగా ఫోను వచ్చింది. "ఏమండీ, మీ బల్ల కూలిపోయింది" అన్నది మా ఆవిడ. కొన్ననాడు అది 'మన' బల్ల. కూలిననాడు 'మీ' బల్ల. తెలుగు వ్యాకరణంలో షష్ఠీ విభక్తికి ఇంత బలం ఉన్నదని ఎమ్మే చదివిన రోజుల్లో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి చూస్తే ఎల్పీలకు ఏమీ కాలేదు. అవి వినైలువి, కాస్త వంగుతాయి గాని పగలవు. పాత 78లు అలా కాదు. వాటిలో ముఖ్యమైన సరుకు లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుగు పెట్టే లక్కే. దానికి రాతిపొడీ అదీ కలిపి వేడిగా అచ్చు కొట్టేవారు. పడితే పెంకులాగా విరిగిపోతుంది. మూడు విరిగినాయి. వాటిలో ఒకటి మాయాబజార్ పాటలది. సినిమా వచ్చింది 1957లో. రికార్డు తాతగారు కొన్నారు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, సాయంకాలం లాంతరు వెలిగించే వేళకు ఆ రికార్డు పెట్టమని కోడలికే పురమాయించేవారట.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. ముక్కలన్నీ చేటలోకి ఏరింది. "లక్కది విరుగుతుంది, మట్టిది పగులుతుంది. నువ్వేం చేస్తావురా!" అన్నది. చేటలోవి పారబొయ్యలేదు. ఆ కాగితపు తొడుగులోనే సర్ది, తీసుకుపోయి తన ట్రంకుపెట్టెలో పెట్టుకున్నది. నాలుగు తిట్టి ఉంటే నాకు ఆ రాత్రి నిద్రపట్టేది.

మర్నాడు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ణి ఇంటికి తీసుకువచ్చాను. ఆయన కూలిన బల్లను శవపరీక్ష చేసినట్టు చూసి, మొదట నన్నొక ప్రశ్న అడిగాడు: "దీనిమీద ఎంత బరువు పెట్టారు?"

నాకు తెలియదు. అక్కడే ఉన్నది తప్పంతా. పది ఎల్పీలు తీసి వంటింటి త్రాసులో తూచాము. అట్టలతో సహా రెండున్నర కిలోలు తూగినాయి. అంటే రెండువందలకు యాభై కిలోలు. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు తెచ్చి పూలకుండీ బల్లమీద పెట్టానన్నమాట! రికార్డులు అడుగు పొడవున పేర్చితే పదిహేను కిలోలకు పైమాటే. పాఠకులలో రికార్డులు ఉన్నవారు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు.

రెండోది పొడవు. అటూ ఇటూ కాళ్ళు మాత్రమే ఉండి, మధ్య ఆనుడు లేని పలక మీద రికార్డులు బారుగా పేర్చితే మధ్యలో కుంగుతుంది. ఆ పొడవు రెట్టింపయితే కుంగుడు రెట్టింపు కాదట, పదహారు రెట్లట! నాలుగడుగుల పలకకు సరిగా మధ్యలో ఒక్క కాలు ఇస్తే కుంగుడు పదహారో వంతుకు దిగుతుంది. మందం సంగతీ అంతే. పన్నెండు మిల్లీమీటర్ల పలకకు బదులు పందొమ్మిది మిల్లీమీటర్లది వేస్తే నాలుగు రెట్లు గట్టి. ఖరీదు మాత్రం నాలుగు రెట్లు కాదు.

మూడోది సరుకు. నేను టేకనుకున్నది టేకు కాదు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, పైన కాగితపు అందం. పనిమనిషి రోజూ తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కాళ్ళు ఇంత నీళ్ళు తాగినాయి. ఆ పొట్టుపలక నీళ్ళకు ఒకసారి ఉబ్బిందంటే మళ్ళీ యథాస్థితికి రాదు. మరలు పట్టు వదిలేస్తాయి. దానికి తోడు శ్రావణపు ముసురు.

నాలుగోది ఊగుడు. వెనక పలక లేదు, అడ్డకర్ర లేదు. నాలుగు కర్రల చట్రం పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. మూలనుంచి మూలకు ఒక్క బద్ద వేస్తే కదలదు. దీనికి ఫిజిక్సు అక్కరలేదు, తడికె కట్టేవాడికి కూడా తెలుసు.

ఈ నాలుగూ తెలిసినాక మళ్ళీ కొనటానికి బయలుదేరాను. ఈసారి జేబులో టేపు పెట్టుకున్నాను. ఎల్పీ అట్ట ఇంచుమించు పన్నెండున్నర అంగుళాలు. చెయ్యి ఆడాలంటే అర ఎత్తు పధ్నాలుగు ఉండాలి. ఆంప్లిఫయరు లోతు పదిహేను, వెనక తీగలకు మరో మూడు. అందుచేత పుస్తకాల బీరువాలు పనికిరావు, వాటి లోతు పన్నెండు దాటదు.

సొంతయిల్లు ఉన్నవారికి అన్నిటికంటె చవకైన మార్గం మన పాత వంటిళ్ళలోనే ఉన్నది. గోడలో దిగేసిన కడప బండ. మా పల్లెలో అటువంటి బండమీద ఆవకాయ జాడీలు నలభై ఏళ్ళుగా కూర్చున్నాయి. అంగుళం కూడా కుంగలేదు. చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బదు. తెలంగాణా వైపువారికి తాండూరు బండ ఉండనే ఉన్నది. మాది అద్దెయిల్లు. మేకు కొట్టటానికే ఇంటివారిని అడగాలి, బండ దిగెయ్యటం ఎక్కడ!

వడ్రంగిచేత టేకు ర్యాకు చేయించుకుంటే మనుమల దాకా ఉంటుంది. ధర అడిగి, దండం పెట్టి వచ్చాను. ప్లైవుడ్డు అయితే మధ్యస్థం. అది కొనేవారు పలకమీద ఐ.ఎస్. 710 అన్న ముద్ర ఉన్నదేమో చూడాలి. నీటికి ఓర్చే రకానికి అది గుర్తు.

చివరకు వన్‌టౌన్‌లో ఇనుప సామాను కొట్టుకు వెళ్ళాను. పొడుగునా చిల్లులున్న ఇనుప యాంగిళ్ళతో చేసే ర్యాకులు మీరు మందుల షాపుల గిడ్డంగులలోనూ, కాలేజీ లైబ్రరీలోనూ చూసే ఉంటారు. లండనులో అచ్చాపీసు నడిపిన డెమెట్రియస్ కొమినో అనే ఇంజనీరుకు తట్టిన ఊహ ఇది. అంటుకట్టటం లేదు, మేకులు లేవు. బోల్టు, నట్టు, ఒక పానా ఉంటే ఎవడి కొలతకు వాడు బిగించుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు విప్పి కట్ట కట్టుకోవచ్చు.

"ఏం పెడతారు మాష్టారూ?" అన్నాడు కొట్టు ఆసామి. మీకు ఎంత పొడవు కావాలని అడగలేదు, ఎంత సొగసు కావాలని అడగలేదు. ఆయనమీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

"యాభై కిలోల రికార్డులు, ఆపైన మిషన్లు" అన్నాను, ఎన్నో ఏళ్ళుగా తెలిసినవాడిలాగా.

మూడడుగుల పొడవు, పద్దెనిమిది అంగుళాల లోతు, మూడడుగులకు కాస్త తక్కువ ఎత్తు. మూలలకు నాలుగు కాళ్ళు, మధ్యలో మరి రెండు. ప్రతి మూలకూ ముక్కోణపు రేకు. వెనక అడ్డంగా రెండు బద్దలు. కాళ్ళకింద రబ్బరు బూట్లు. కింది అర నేలకు నాలుగంగుళాల ఎత్తున, తడిగుడ్డ తగలకుండా. అంతా కలిపి మూడువేల ఏడువందలు. బోల్టులు మొదట వదులుగా పెట్టి, మూలనుంచి మూలకు రెండు వైపులా కొలిచి, రెండు కొలతలూ సరిపోయినాకనే బిగించమని ఆయనే చెప్పాడు. చివర రసమట్టం పెట్టి చూడమన్నాడు. ప్లేయరు ఒక పక్కకు వాలి ఉంటే ముల్లు గాడిలో సమంగా నడవదు.

ఇనుముతో ఒకటే చిక్కు. మోగుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం, ఖంగుమంటే మంచి కుండ. ర్యాకును కూడా తట్టి చూడాలి, కాని ఖంగుమంటే చెడ్డ ర్యాకు! రికార్డు గాడి తలవెంట్రుకంత సన్నం. అందులో నడిచే ముల్లుకు ర్యాకు వణుకు కూడా పాటలాగే వినిపిస్తుంది. అందుకని రేకులమీద రబ్బరు చాప పరిచి, దానిమీద ప్లైవుడ్డు వేశాము. పై అరలో ప్లేయరు కింద రెండడుగులకు ఒకటిన్నర అడుగుల కడప బండ వేయించాను. అంగుళం మందం, పద్దెనిమిది కిలోలు. నేనూ మావాడూ చెరో పక్కా పట్టి ఎత్తాము. దానికింద నాలుగు రబ్బరు ముక్కలు. తట్టి చూస్తే ఇప్పుడు 'టప్' మంటున్నది. మూగ ర్యాకే మంచి ర్యాకు.

ఇక సర్దుబాటు. బరువైనవి అడుగున. ఎల్పీలు పుస్తకాల్లాగా నిటారుగా నిలబెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చితే కిందివి చెడతాయి, వాలుగా పెడితే వంకర తిరుగుతాయి. మధ్య అరలో ఒకవైపు 78లు, రెండోవైపు ఆంప్లిఫయరు. దాని నెత్తిన నాలుగంగుళాలు ఖాళీ, వేడి పోవటానికి. స్పీకర్లు మాత్రం ర్యాకుమీద పెట్టకూడదు. వాటి అదురు ముల్లుకు ఎక్కి, మళ్ళీ స్పీకర్లలోంచే ఊళపెడుతుంది. వాటికి వేరే రెండు స్టూళ్ళు.

అంతా అయినాక పై అరలో నిండుగా గ్లాసెడు నీళ్ళు పెట్టి, మా అమ్మాయిని గదిలో గంతులు వెయ్యమన్నాను. నీళ్ళు తొణకలేదు. మా ఆవిడ వచ్చి చూసి, "ఏదో కిరాణా కొట్టులాగున్నది" అన్నది. కూలుతుందని మాత్రం అనలేదు. అదే మెప్పు.

అమ్మ లోపలినుంచి తను అల్లిన దారపు తొడుగు తెచ్చి ఆంప్లిఫయరు మీద కప్పింది. వేడెక్కుతుందమ్మా అంటే, "పెట్టేటప్పుడు తీస్తానులేరా, ఆమాత్రం నాకు తెలియదా!" అన్నది. ఘంటసాల భగవద్గీత పెట్టమన్నది. మొదటి వైపు అయ్యేదాకా కదలకుండా కూర్చున్నది. తరువాత లేచి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి ఆ మాయాబజార్ తొడుగు తెచ్చింది. లోపల ముక్కలు గలగలమన్నాయి. మధ్య అరలో మిగిలిన 78ల పక్కన జాగ్రత్తగా నిలబెట్టింది. ఎవరమూ ఏమీ అనలేదు.

ర్యాకును ఆ చివరనుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, "గట్టిగానే ఉన్నది. మీ నాన్నగారయితే రంగు వేయించేవారు" అన్నది.

వచ్చే ఆదివారం రంగు వేస్తున్నాను. ఏ రంగో ఆవిడనే అడుగుతాను. ఆన్‌లైన్‌లో చూడను.