తొలకరి రాతికి కాటా ఏది?

తొలకరి జల్లు పడినంతనే కర్నూలు, అనంతపురము సీమలలోని జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలకు జనము తరలివత్తురు; ఏరువాక సాగుటకు గాదు, వజ్రము లేరుకొనుటకు. సద్దిమూట గట్టున బెట్టి, నడుము వంచి, వాన కడిగిన యెఱ్ఱనేలపై తళుక్కుమన్న ప్రతి రవ్వను వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచి, గాజుపెంకనియో పలుగురాయనియో పాఱవైచి, మరల వంగి సాగిపోవు ఆ మనుష్యులను జూచి నవ్వుకొనువారు పెక్కండ్రు. నాకు నవ్వు రాదు. రాయి దొరకని నాడు వారికి బోవునది యొకనాటి కూలి మాత్రమే. అసలు నష్టము దొరకిన నాడే.

ఏలయన, అచ్చట రాతిని దూచువాడును, వెలగట్టువాడును, కొనువాడును ఒక్కడే. మాట పొక్కిన అధికారులు వత్తురను భయమున, ఆ వర్తకుడు చెప్పినదే ధరగా, బేరము రహస్యముగా ముగియును. మా అత్తిలి వరి కల్లములలో తేమ యెంత, తరుగు ఎంతయని వాదులాడి రైతు ఓడుటయే ఎక్కువ గాని, మద్దతు ధర యను అంకె యొకటైనను వానికి దెలిసియుండును.

ఉత్తరాదిని, మధ్యప్రదేశ్‌లో, అడవుల నడుమ వెనుకబడిన పన్నా జిల్లాలో సామాన్యుడు కొద్దిపాటి రుసుము చెల్లించి, 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల మడికి పట్టా పొంది త్రవ్వుకొనవచ్చును. దొరకిన రాతిని వజ్ర కార్యాలయమున నొప్పగించినచో, అధికారులు తూచి, వేలము వేసి, సుమారు 12 శాతము రాయల్టీయు పన్నులును మినహాయించుకొని, మిగిలిన సొమ్ము వానికే యిత్తురు. దొంగబేరములు అచ్చటను గలవు, వేలము జాగగుటయు గలదు. అయినను తలయెత్తుకొని పోదగిన దారి యొకటి యున్నది.

మనమో, కోహినూరు మాదియని లండను వైపు చూచుచుందుము. ఆ వజ్రమునకు పుట్టిల్లనబడు, కృష్ణయొడ్డున నున్న కొల్లూరు గనిలో 60 వేలమంది పనిచేయుచుండిరని 17వ శతాబ్దిలో వ్రాసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, దక్కను గనుల కూలికి ఏటికి మూడు వరహాలే ముట్టుననియు వ్రాసెను; ఆ రెండవ మాట మనకు గుర్తుండదు. కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిపాలైనది.

జొన్నగిరిలోనో తుగ్గలిలోనో, వానకాలమునకైనను, పన్నాలోని వంటి వజ్ర కార్యాలయ మొకటి తెఱువవలెను. విత్తునేల త్రొక్కుడుపడి నష్టపోవు చేని యజమానికి వేలపు సొమ్మున వాటా నిర్ణయింపవలెను. చట్టము అడ్డమందురేమో, పన్నాయు ఈ దేశపు చట్టము క్రిందనే యున్నది.