పసిబిడ్డ కాలేయంలో గడ్డ: ముందు ఏ పరీక్ష?

ఓడలరేవు: మూడేళ్ల లోపు బిడ్డకు కుడి డొక్క కింద గట్టిగా గడ్డ తగిలితే, బల్ల అనుకుని వాతలు పెట్టించడం ప్రమాదకరం. అది హెపటోబ్లాస్టోమా అనే కాలేయ క్యాన్సర్ కావచ్చు. ఇది అరుదైన జబ్బు. సకాలంలో గుర్తిస్తే మందులతో, శస్త్రచికిత్సతో చాలామంది పిల్లలు కోలుకుంటున్నారు.

వేట మీద బతికే కుటుంబానికి ఒక్కో ప్రయాణం ఒకరోజు సంపాదన నష్టం. అందుచేత ఏ పరీక్ష ముందన్నది ముఖ్యం.

మొదటిది అల్ట్రాసౌండ్. అమలాపురంలోనే చేయించవచ్చు. ఖర్చు తక్కువ, రేడియేషన్ ఉండదు. గడ్డ కాలేయానిదా, మూత్రపిండానిదా అన్నది చాలావరకు తేలుతుంది. ఎంతవరకు పాకిందో మాత్రం పూర్తిగా తెలియదు.

ఆ పని సి.టి., ఎం.ఆర్.ఐ.లది. సి.టి. నిమిషాల్లో ముగుస్తుంది, ఊపిరితిత్తులనూ చూపుతుంది. అయితే రేడియేషన్ తప్పదు. ఎం.ఆర్.ఐ.లో ఆ బెడద లేదు, కాలేయంలోని చిన్న మచ్చలూ బాగా కనిపిస్తాయి. కాని చాలాసేపు కదలకుండా ఉండాలి కనుక పసివాళ్లకు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అందుకే వీలున్నచోట వైద్యులు పొట్టకు ఎం.ఆర్.ఐ., ఛాతీకి సి.టి. ఎంచుకుంటున్నారు. ఎం.ఆర్.ఐ. కోసం రోజుల తరబడి ఆగడం కంటే పొట్టకూ సి.టి. తీయించడమే మేలు. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ రక్తపరీక్ష వీటికి తోడు.

కాకినాడ వెళ్లినా, విశాఖ వెళ్లినా పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట ఉంటే అదే పరీక్ష మళ్లీ చేయించే బాధ చాలావరకు తప్పుతుంది.