పేరు గడిలో పట్టని ఊరు
మనిషికి ముందు పేరు, వెనక ఇంటిపేరు ఉంటాయన్నది ప్రోగ్రామర్లు తేలిగ్గా నమ్మేసే అబద్ధం. 2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్ ఇలాంటి అబద్ధాలను జాబితా కట్టాడు. ఆ అబద్ధం తెచ్చే చిక్కు తమిళనాడులోని తిరుత్తణి, తిరువళ్ళూరుల్లో రోజూ ఎదురయ్యేదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి వైపు తెలుగింట ఇంటిపేరు ముందుంటుంది. పక్కింటి తమిళులకు సాధారణంగా ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరులోని తొలి అక్షరమే ఇనిషియల్. ‘లాస్ట్ నేమ్’ తప్పనిసరి అనే ఫారం ఇద్దరిచేతా తప్పు రాయిస్తుంది. ఊరి గడి ఇంకా చిక్కు. అంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది, 1997లో తిరువళ్ళూరు జిల్లాలోకి వచ్చింది. 1955లో అక్కడ పుట్టినవారి పాత కాగితంలో చిత్తూరని ఉంటుంది, డ్రాప్‌డౌన్‌లో తిరుత్తణి తమిళనాడు కిందే దొరుకుతుంది. రెండూ నిజమే, సరిపోలలేదని తిప్పికొట్టే కోడుదే తప్పు. విడివిడి గడులు లేకపోతే వెతకడం, వరసలో పేర్చడం కష్టమని అంటారు. ఆ కష్టం నిజమే, కానీ దానికి దారి ఉంది: పూర్తి పేరును మనిషి రాసుకున్నట్టే ఒక గడిలో ఉంచి, వరసకు పనికొచ్చే ముక్కను ఇష్టమైతేనే వేరే అడగాలి, జిల్లా పేరుకు అది చెల్లిన తేదీలు జతచేయాలి. డేటాబేస్‌లో నాలుగు కాలమ్‌లు పెరిగితే పెరగనీ, పింఛను కోసం వచ్చిన ముసలాయన మాత్రం పేరు కలవలేదన్న మాట విని వెనక్కి పోకూడదు.