గొర్రు మనది, హక్కు ఎవరిది? అనంత మిస్త్రీలకు పేటెంట్ చట్టం ఇచ్చేదెంత?

రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైంది. దాని ప్రాంతీయ కేంద్రాల జాబితాలో విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతిలతో పాటు మన అనంతపురం పేరు కూడా ఉంది. ఇంటికో పారిశ్రామికవేత్త రావాలన్నది ప్రభుత్వం చెబుతున్న మాట. మంచిదే. కానీ మన ఇళ్లలో కొత్తది కనిపెట్టేవాళ్లు ఇప్పుడు కొత్తగా పుట్టాల్సిన పని లేదు. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, కదిరి, హిందూపురం... ఏ ఊళ్లో చూసినా వెల్డింగ్ షాపు, లేత్ మిషన్, బోరు మోటార్ల రివైండింగ్ దగ్గర మన బిరాదరీ వాళ్లు కనిపిస్తారు. వాన సరిగా పడని ఈ నేలలో పాత సామాన్లకు కొత్త పని నేర్పించడం వాళ్లకు రోజూ ఉండేదే. ఆ తెలివికి కాగితం మీద హక్కు ఎందుకు రావడం లేదన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఓ మిస్త్రీ భాయ్ ట్రాక్టర్ గొర్రుకు ఒక మార్పు చేశాడు. పదును తక్కువగా ఉన్నా వేరుశనగ విత్తనం ఒకే లోతులో, ఒకే దూరంలో పడేలా చిన్న ఏర్పాటు పెట్టాడు. రైతులకు నచ్చింది. కొడుకు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. లైకులు వచ్చాయి, ఆర్డర్లూ వచ్చాయి. మూడు నెలలకు పక్క జిల్లాలో అదే గొర్రు, వేరే రంగు వేసుకుని, తక్కువ ధరకు అమ్మకానికి వచ్చింది. "పేటెంట్ వేద్దాం అబ్బా" అన్నాడు కొడుకు. అప్పటికే ఆలస్యమైంది.

పేటెంట్ అంటే ఒప్పందం

పేటెంట్ అంటే ప్రభుత్వంతో చేసుకునే ఒక ఒప్పందం. నువ్వు కనిపెట్టినదాన్ని దాచకుండా లోకానికి పూర్తిగా వివరించు, బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల పాటు నీ అనుమతి లేకుండా ఇంకొకరు తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు ఇస్తాం అంటుంది 1970 నాటి పేటెంట్ల చట్టం. ఆ హక్కు మన దేశంలోనే చెల్లుతుంది. దుబాయ్‌లోనో సౌదీలోనో కావాలంటే అక్కడ విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

దీనికి మూడు పరీక్షలున్నాయి. ఒకటి, ప్రపంచంలో ఇంతకు ముందు ఎక్కడా బయటపడని కొత్తదై ఉండాలి. రెండు, ఆ పని బాగా తెలిసిన మిస్త్రీ కూడా "ఓస్, ఇది ఎవరికైనా తడుతుంది" అనలేనిదై ఉండాలి. మూడు, తయారీకి, వాడకానికి పనికొచ్చేదై ఉండాలి.

మన వీడియో కథ మొదటి పరీక్షలోనే పోయింది. దరఖాస్తుకు ముందు యూట్యూబ్‌లో పెట్టినా, కిసాన్ మేళాలో చూపినా, బహిరంగంగా అమ్మినా కొత్తదనం పోయినట్లే. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలు, పండితుల సభల్లో చదివిన పత్రాలు వంటి కొన్నిటికి మాత్రం 12 నెలల మినహాయింపు ఉంది. కాలేజీ టెక్ ఫెస్ట్, వాట్సాప్ గ్రూపు ఆ జాబితాలోకి రావు. అందుకే మొదటి సూత్రం: ముందు దరఖాస్తు, తర్వాతే వీడియో. ఈలోగా లేత్ పనికి ఇచ్చినవాళ్లకు, పెట్టుబడి పెట్టేవాళ్లకు చూపించక తప్పకపోతే, గోప్యంగా ఉంచుతామని రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి.

1600 రూపాయలతో ఏం వస్తుంది?

పేటెంట్ అంటే లక్షలు అనే భయం చాలామందికి ఉంది. సర్కారు ఫీజు వరకు అయితే ఆ భయం అక్కర్లేదు. వ్యక్తులు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్లు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఫీజు 1600 రూపాయలు. పెద్ద కంపెనీలకు అదే 8000. సొంత పేరు మీద వేస్తే వేరే సర్టిఫికెట్ అడగరు. షాపు పేరు మీద వేస్తే మాత్రం ఉద్యమ్ కాగితం ఉంటేనే తగ్గింపు.

డిజైన్ ఇంకా పూర్తిగా కుదరలేదా? అప్పుడు ప్రొవిజనల్ దరఖాస్తు వేయొచ్చు. దాంతో తేదీ మన పేరున ఖాయమవుతుంది. 12 నెలల్లోపు పూర్తి వివరాలతో దరఖాస్తు ఇవ్వాలి, లేకపోతే అది వదులుకున్నట్లే. ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ పాత తేదీ వర్తించదు. కాబట్టి రెండు లైన్లు రాసి పడేస్తే లాభం లేదు. బొమ్మలతో సహా తెలిసినంతా రాయాలి.

తర్వాత పరిశీలన కోరుతూ వేరే అర్జీ ఇవ్వాలి. చిన్నవాళ్లకు దాని ఫీజు 4000. 2024 మార్చిలో మార్చిన నిబంధనల ప్రకారం దీనికి గడువు 31 నెలలు, అంతకు ముందు 48 ఉండేది. గడువు దాటితే దరఖాస్తు పోయినట్లే. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉన్నా, స్టార్టప్ లేదా చిన్న యూనిట్ అయినా వేగంగా పరిశీలించమని అడగొచ్చు. అందుకు చిన్నవాళ్లకు 8000. దీనికోసం పనిలో పాలు లేని ఇంటామె పేరు ఊరికే రాయించడం మాత్రం అబద్ధమే అవుతుంది. నిజంగా కనిపెట్టిన చెల్లెళ్లు, బిడ్డలు ఉంటే వాళ్ల పేరు దాచకండి, అంతే. ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాజెక్టు చేసే పిల్లలకూ ఇదే మాట: ఆలోచన ఎవరిదో వాళ్ల పేరు ఆవిష్కర్తగా దరఖాస్తులో ఉండాలి. సంతకం పెట్టే ముందు చదువుకోండి.

అసలు ఖర్చు దరఖాస్తు రాసే ఏజెంటు దగ్గర ఉంటుంది. 2016లో కేంద్రం తెచ్చిన పథకం కింద, స్టార్టప్ గుర్తింపు ఉన్నవాళ్ల తరఫున ఆ ఫీజును ప్రభుత్వమే చెల్లిస్తుంది. ఎంఎస్ఎంఈ శాఖ 2022లో తెచ్చిన ఇన్నోవేటివ్ పథకంలో దేశీయ పేటెంట్ మంజూరైతే లక్ష రూపాయల వరకు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఈ రెండిటి గురించి పేరు పెట్టి అడగాలి.

ఇంకో మాట. దరఖాస్తు 18 నెలలకు పత్రికలో ప్రచురితమవుతుంది. "మా పేటెంట్ పబ్లిష్ అయింది" అని శాలువా కప్పించుకుంటే సరిపోదు, ప్రచురణ వేరు, మంజూరు వేరు. 2023-24లో దేశంలో 92 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి, పాతవాటితో కలిపి లక్షకు పైగా మంజూరయ్యాయి. ఆ లక్షలో మన వర్క్‌షాపులవి ఎన్ని అని మనల్ని మనమే అడగాలి.

దేనికి రాదు?

రైతు కుటుంబాలకు, హకీమ్ కుటుంబాలకు ఇది ముఖ్యం. వ్యవసాయ పద్ధతికి పేటెంట్ రాదు. మొక్కలకు, విత్తనాలకు రాదు. తెలిసిన రెండు మూడు పరికరాలను పక్కపక్కన బిగించి, ఒక్కోటి తన పాత పని తాను చేసుకుంటూ ఉంటే దానికీ రాదు. మన మిస్త్రీల దరఖాస్తులు ఎక్కువగా జారిపడే చోటు ఇదే. రెండూ కలిసినప్పుడు కొత్త ఫలితం ఏం వచ్చిందో చూపించగలగాలి.

విత్తనాలకు వేరే చట్టం ఉంది, 2001 నాటిది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశనగ రకాలు వచ్చాయి. ఈ చట్టం ప్రకారం రైతు తన పంటలోని విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు, అంతే. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద పెప్సికో కేసులు వేసి, దేశమంతా గొడవ అయ్యాక వెనక్కి తీసుకుంది. రైతు తన హక్కు తెలుసుకుని నిలబడితే ఏమవుతుందో దానితో తేలింది.

ఇక నుస్ఖాలు. 1995లో అమెరికాలో పసుపుతో గాయం మాన్పడానికి పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. గెలిపించినవి పాత గ్రంథాలు, పాత పత్రికల్లోని రాతలు. ఆ అనుభవం తర్వాత 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. అందులో సంస్కృతం, తమిళంతో పాటు అరబీ, ఫార్సీ, ఉర్దూ యునానీ గ్రంథాలూ ఉన్నాయి. ఇంట్లో అటక మీదున్న ఉర్దూ వైద్య పుస్తకం చెదలకు వదిలేయకండి. అది మనకు పేటెంట్ తెచ్చిపెట్టకపోవచ్చు, ఇంకొకరు మన ఇల్మ్‌ను తమ సొంతం చేసుకోకుండా అడ్డుకునే సాక్ష్యం అవుతుంది.

ఆలేరు మల్లేశం దారి

ఇది కుదిరే పనేనా అంటే, చింతకింది మల్లేశం గారిని చూడండి. ఆలేరు దగ్గర షారాజీపేట చేనేత కుటుంబం, ఆరో తరగతితో చదువు ఆగింది. ఆసు పోయడానికి అమ్మ చేయి రోజంతా వేల సార్లు ఆడించలేక భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడ్పాటుతో పేటెంట్ వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. సామాన్యుల ఆవిష్కరణల తరఫున దరఖాస్తు వేసే పని ఆ సంస్థ చేస్తుంది. అయితే మల్లేశం బతుకు మారింది కాగితంతో ఒక్కటే కాదు, ఆ యంత్రాన్ని నేతన్నల ఇళ్లకు చేర్చడంతో.

ధర్మవరం పట్టుచీరకు ఉన్నది వేరే రకం హక్కు, భౌగోళిక గుర్తింపు. అది ఒకరిది కాదు, ఆ ఊరి నేతగాళ్లందరిదీ. కానీ అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఆ ముద్ర వాడే హక్కు గట్టిగా ఉంటుంది. ఫీజు నామమాత్రమే, చేయించుకోనివాళ్లే ఎక్కువ నష్టపోతారు.

చట్టంలో లోటు కూడా ఉంది

తప్పంతా మన అవగాహన మీదకి నెట్టేయడం న్యాయం కాదు. జర్మనీ, చైనాల్లో చిన్న మెరుగులకు తక్కువ కాలం ఉండే యుటిలిటీ మోడల్ అనే తేలిక హక్కు ఉంది. మన దగ్గర లేదు. 2011లో కేంద్రం చర్చా పత్రం విడుదల చేసింది, చట్టం మాత్రం రాలేదు. గొర్రుకు చేసే చిన్న మార్పులకు సరిపోయేది సరిగ్గా అదే.

రెండోది భాష. పేటెంట్ దరఖాస్తు ఇంగ్లీషు లేదా హిందీలోనే ఉండాలి. తెలుగు పనికిరాదు, ఉర్దూ పనికిరాదు. మన ఆఫీసు చెన్నైలో. మూడోది కోర్టు. ఎవరైనా కాపీ కొడితే జిల్లా కోర్టులో దావా వేయాలి. అవతలివాడు "నీ పేటెంటే చెల్లదు" అని ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకు వెళ్తుంది. గుంతకల్లు మిస్త్రీ షాపు మూసి అమరావతి చుట్టూ తిరగాలి. కాబట్టి ప్రతిదానికీ పేటెంట్ వేయడం తెలివైన పని కాదు. అమ్మకం ఎక్కువ ఉంటుంది, చూస్తే కాపీ కొట్టేయొచ్చు అనిపించే ఒక్క ముఖ్య భాగానికి పేటెంట్. ఆకారం ప్రత్యేకమైతే డిజైన్ రిజిస్ట్రేషన్: వ్యక్తులకు ఫీజు 1000, పదేళ్లు, ఆపై మరో అయిదేళ్లు. షాపు పేరుకు ట్రేడ్‌మార్క్: 4500. చూసినా బయటికి తెలియని పనితనం ఏదైనా ఉంటే దాన్ని రహస్యంగానే ఉంచుకోవడం మేలు.

"ఇల్మ్ పంచాలి కదా, దాని మీద హక్కు అడగడం జాయిజేనా?" అని అడిగే పెద్దలు ఉన్నారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, ఆవిష్కరణలు, ట్రేడ్‌మార్కులు, రచనలు వాటి యజమానుల హక్కులేనని, షరీఅత్ వాటిని గుర్తిస్తుందని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. దీని రెండో వైపు కూడా గుర్తుంచుకోవాలి. ఇంకొకరి గొర్రు చూసి మనం కాపీ కొట్టడమూ హక్ తినడమే.

అనంతపురం కేంద్రం నిజంగా పనిచేస్తోందా అని చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గ్రీజు చేతులతో ఒక మిస్త్రీ లోపలికి వెళ్లి, తెలుగులోనో ఉర్దూలోనో తన యంత్రం గురించి చెబితే, దాన్ని దరఖాస్తుగా రాసిపెట్టే మనిషి అక్కడ ఉన్నాడా? లేకపోతే ఉండాలని అడగడం మన హక్కు. ఈలోపు జుమా తర్వాత మస్జిద్ కమిటీలు ఒక గంట కేటాయించి, ఇంజినీరింగ్ చదివే మన పిల్లలను, మిస్త్రీలను కలిపి కూర్చోబెట్టినా చాలు. పాత పేటెంట్లు వెతకడం ఇంటర్నెట్‌లో ఉచితం. పిల్లలు వెతుకుతారు, మిస్త్రీ చెబుతాడు. యూట్యూబ్ వీడియో మాత్రం ఇంకో వారం ఆగొచ్చు.