వియన్నాలో మూడు దినములు

"ఒక్కతెవు పోయి యేమి చూతువే? చూచినది యెవరితో చెప్పుకొందువు?" అని మేము వియన్నాకు బయలుదేరునపుడు మా మేనత్తగారు అడిగిరి. ప్రశ్న యుక్తమైనదే. మన స్త్రీలకు యాత్రలు క్రొత్తవి కావు. కాని మన యాత్రలలో ఇల్లాలు మూటలు లెక్కపెట్టుకొనుచు, పిల్లల యాకలి తీర్చుచు, పెద్దలకు మందులందించుచు నుండును. గోపురమును తలయెత్తి చూచు తీరిక యామెకు దొరకుట యరుదు. కావున నట్టి ప్రయాణము తలపెట్టు సోదరీమణులకు ఉపయోగపడునేమో యని మా యనుభవమును ఈ నెల వ్రాయుచున్నాము.

వియన్నా ఒంటరి స్త్రీకి సులువైన నగరము. పూర్వము దానిని చుట్టియున్న కోటగోడలను కూల్చివేయుటకు ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1857లో ఆజ్ఞ యిచ్చెను. ఆ గోడల స్థానమున వెలసినదే రింగు వీధి. 1865లో దానిని ప్రారంభించిరి. సుమారు 5 కిలోమీటర్ల పొడవు గల యీ వీధి పాత పట్టణమును వడ్డాణమువలె చుట్టియుండును. నాటకశాల, పార్లమెంటు, నగర సభామందిరము, విశ్వవిద్యాలయము, పెద్ద మ్యూజియములు దాని యొడ్డుననే యున్నవి. సందులలో దారి తప్పితిమని తోచినను భయము లేదు. స్టీఫెను దేవాలయపు దక్షిణ గోపురము 136 మీటర్ల యెత్తున ఇండ్లకప్పుల మీదుగా తల చూపుచుండును. అందులో పైగది వరకు 343 మెట్లు కలవు. ఎక్కునపుడు నడుమ నడుమ నిలిచి ఊపిరి తీసికొంటిమి. "ఇంకను రాలేదేమి?" యని పైనుండి కేకవేయువారు లేకపోవుట యెంత సుఖమో మెట్లెక్కినవారికే తెలియును.

రింగు వీధి ప్రక్కన నెదురెదురుగా రెండు మ్యూజియములు, వాని నడుమ మరియా థెరీసా రాణి విగ్రహము ఉన్నవి. 40 సంవత్సరములు రాజ్యమేలి, 16 మంది బిడ్డలను కనిన తల్లి యామె. ఆమెకు నమస్కరించి కళల మ్యూజియములోనికి పోయితిమి. అచ్చట గదులు లెక్కకు మించియున్నవి. నలుగురితో పోయినపుడు అన్నియు చూచితిమనిపించుకొనవలెనను తొందర కలుగును. మేము ఒక్క గదినే యెంచుకొంటిమి. అది పీటర్ బ్రూగెల్ చిత్రముల గది. ఆ చిత్రకారుని పనితనము ఇంత విస్తారముగా మరియొకచోట లేదు.

అందు పల్లెపెండ్లి చిత్రము ముందు ముప్పావుగంట కూర్చుంటిమి. ఇది సుమారు 1567 నాటిది. ధాన్యపు కొట్టములో విందు జరుగుచున్నది. వడ్డించువారు ఒక తలుపును ఊడదీసి, దానిపై గిన్నెలు పేర్చి, ఇద్దరు మోసికొని వచ్చుచున్నారు. మన పెండ్లిండ్లలో గంపలు, గంగాళములు చాలక పడు హడావుడి యంతయు అందు కలదు! నేలపై ఒక పసివాడు కన్నులు కప్పు టోపీ పెట్టుకొని పళ్లెము నాకుచున్నాడు. తిత్తి వాయించువాడు వాయించుట మాని గిన్నెల వంక ఆశగా చూచుచున్నాడు. చూడగా చూడగా వెనుక ఆకుపచ్చ గుడ్డ ముందు చేతులు ముడుచుకొని కూర్చున్న పెండ్లికూతురు కనబడెను. అందరును తినుచుండగా నామె యొక్కతెయే తినుట లేదు. వేగిరపడి పోవువారికి ఆమె కనబడనే కనబడదు. పెండ్లికుమారుడెవడో నేటికిని పండితులు తేల్చలేకున్నారు. తలుపు మోయువారి పాదములు లెక్కించినచో ఒకటి యెక్కువగా తోచును. మేము మూడుమారులు లెక్కించితిమి.

ఒంటరి స్త్రీకి నిజమైన పరీక్ష భోజనవేళ వచ్చును. ఒక్కతెయే బల్లకడ కూర్చుండుటకు మొదటి దినమున మాకును బిడియము కలిగినది. ఈ నగరపు కాఫీశాలలు ఆ బిడియమును తీర్చును. పాలు కలిపిన కాఫీని అచ్చట మెలాంజ్ అందురు. చిన్న పళ్లెములో కాఫీతోపాటు గ్లాసుడు నీరు తెచ్చి పెట్టుదురు. కఱ్ఱకు తగిలించిన వార్తాపత్రికలు చదువుకొనుచు, ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చుండినను లేవుమనువారు లేరు. చిల్లరలో మాకు వచ్చిన రెండు యూరోల నాణెముపై ఒక స్త్రీ ముఖముండెను. ఆమె బెర్తా ఫాన్ సుట్నర్. యుద్ధమును ఖండించుచు 1889లో నవల వ్రాసి, 1905లో నోబెల్ శాంతి బహుమానము పొందిన వనిత. ఆ బహుమానమందిన స్త్రీలలో నామెయే ప్రథమురాలు. శాకాహారులు సూపును గూర్చి అడిగి తెలిసికొనవలెను. కూరగాయల సూపులో సయితము మాంసపు రసము కలియుట కలదు. నీరు కొననక్కరలేదు. 1873 నుండి కొండల ఊటనీరే కొళాయిలలో వచ్చుచున్నది.

అన్నిటికంటె మా మనస్సునకు పట్టిన చోటు విశ్వవిద్యాలయపు లోపలి యావరణము. చుట్టును స్తంభముల వసారాలు, వానిలో నూటయేబదికి పైగా విద్వాంసుల శిలాప్రతిమలు. అందరును పురుషులే. ఒక రచయిత్రి ఫలకము, నడుమ పురాణపు జలదేవత తప్ప చిరకాలము స్త్రీకి అందు చోటు లేదు. 2009లో నేలపై నల్లరాతితో పిడికిలి యెత్తిన స్త్రీ నీడను పొదిగిరి. 2016లో ఏడుగురు విదుషీమణుల స్మారకములు వెలసినవి. వారిలో ఎలీసె రిక్టర్ ఒకతె. 1897లో స్త్రీలకు ఆ విద్యాలయపు తలుపులు తొలిసారి తెరువగా, 32వ యేట విద్యార్థినిగా చేరి, 1907లో అచ్చట బోధించుటకు అర్హత పొందిన తొలి స్త్రీ యయ్యెను. యూదు వంశజురాలగుటచే 1938లో నామెను వెడలగొట్టిరి. 1942లో థెరేసియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరమునకు పంపిరి. మరుసటి యేడు అచ్చటనే మరణించెను. ఆమె స్మారకము ఆ వసారాలోనికి వచ్చుటకు మరి 73 సంవత్సరములు పట్టెను. ఆ సమయమున మా ప్రక్కన ఎవరైన నుండినయెడల మాటలాడియుందుము. ఎవరును లేకపోవుటచే చాలసేపు ఊరక నిలుచుంటిమి.

సాయంకాలము దీపములు వెలుగు వేళ తోడు లేని కొరత తోచుట నిజమే. అప్పుడు మేనత్తగారికి ఉత్తరము వ్రాయుచుంటిమి.

పోదలచినవారికి రెండు మాటలు. ఆదివారము రైలు స్టేషనులలోనివి తప్ప దుకాణములు దాదాపు అన్నియు మూసియుండును. శనివారమే రొట్టె, పండ్లు, పెరుగు కొని యుంచుకొనవలెను. కళల మ్యూజియమునకు వేసవి నెలలు తప్ప సోమవారము సెలవు.