కెమెరా మారితే సరా... లెన్సుల సంగతేమిటి?

విజయవాడ: మూఢం వెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్న కొద్దీ స్టూడియోల యజమానులకు ఒకటే గుబులు. పాత డీఎస్ఎల్ఆర్‌తో మరో సీజను నెట్టుకురావాలా? అప్పు చేసైనా మిర్రర్‌లెస్ కెమెరాకు మారాలా? మారితే కెనానా, నికానా, సోనీయా? విజయవాడ నుంచి గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వరకు పెళ్లిళ్లపై ఆధారపడి బతికే ఛాయాచిత్రకారులందరి ముందూ ఉన్న ప్రశ్నే ఇది. దుకాణంలో మాత్రం చర్చంతా కెమెరా చుట్టూనే తిరుగుతుంది. అసలు లెక్క తేలాల్సింది బీరువాలో ఉన్న లెన్సుల దగ్గర. కెమెరా నాలుగైదేళ్లకు పాతబడుతుంది. మంచి లెన్సు పదిహేనేళ్లు అన్నం పెడుతుంది.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకు, సెన్సరుకు మధ్య అద్దం ఉంటుంది. దాని కోసం నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్ల దూరం ఉంచారు. అద్దం తీసేయడంతో ఆ దూరం నికాన్ జడ్‌లో 16, సోనీ ఈ మౌంటులో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లకు తగ్గింది. మిగిలిన ఖాళీలో అడాప్టరు బిగిస్తే పాత లెన్సు కొత్త కెమెరాకు సరిపోతుంది. అయితే అన్ని లెన్సులూ ఒకే తీరుగా పనిచేయవు. చాలామంది దెబ్బతింటున్నది ఇక్కడే.

నాటి శాపం, నేటి వరం

1987లో కెనాన్ తన పాత ఎఫ్‌డీ మౌంటును పక్కనబెట్టి ఈఎఫ్‌ను తెచ్చింది. అప్పటివరకు కొన్న లెన్సులు కొత్త కెమెరాలకు పనికిరాకుండా పోయాయి. నికాన్ మాత్రం 1959 నాటి ఎఫ్ మౌంటునే కొనసాగించి పాత ఖాతాదారుల నమ్మకాన్ని నిలబెట్టుకుంది. మరి 2018లో రెండు సంస్థలూ మిర్రర్‌లెస్‌కు కొత్త మౌంటులు తెచ్చేసరికి కథ తిరగబడింది. ఈఎఫ్ లెన్సుల్లో మొదటి నుంచీ ఫోకస్ మోటారు లెన్సులోనే ఉంది. సంకేతాలన్నీ విద్యుత్ ద్వారానే అందుతాయి. అందువల్ల 1987 నాటి ఈఎఫ్ లెన్సు సైతం అడాప్టరుతో ఆర్ఎఫ్ కెమెరాపై ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది. నికాన్‌లో పాత డీ రకం లెన్సులకు మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే వాటిని తిప్పుతుంది. నికాన్ వారి ఎఫ్‌టీజడ్ అడాప్టరులో ఆ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్ రకం లెన్సులకు చింత లేదు కానీ, డీ రకం 50, 80-200 లెన్సులతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన వారు ఇక చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. అర్ధరాత్రి ముహూర్తంలో, తలంబ్రాల హడావుడిలో అది అయ్యే పని కాదు.

సోనీకి ఇంతమంది ఎందుకు మళ్లారో అర్థం కావాలంటే 2018నే మళ్లీ చూడాలి. ఆ ఏడాది వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జడ్6 కెమెరాల్లో మెమరీ కార్డుకు ఒక్కటే చోటు. సోనీ ఏ7 మూడో తరంలో రెండు. పెళ్లి ఫొటోగ్రాఫరుకు ఇది చిన్న విషయం కాదు. అడ్డుతెర తొలగి, జీలకర్ర-బెల్లం పెట్టుకుని వధూవరులు ఒకరినొకరు చూసుకునే క్షణం మళ్లీ రాదు. కార్డు చెడిపోతే ఆ కుటుంబానికి సమాధానం చెప్పడం ఎవరి తరమూ కాదు. 2020లో కెనాన్ ఆర్6, నికాన్ జడ్6 రెండో తరంతో ఆ లోటు తీరింది. అప్పటికే చాలామంది ఇల్లు మారిపోయారు.

సోనీకి మరో బలం ఇతర సంస్థల లెన్సులు. 2011లోనే ఈ మౌంటు మౌలిక వివరాలను ఆ సంస్థ ఇతరులకు అందుబాటులో ఉంచింది. టామ్రాన్, సిగ్మాల నుంచి తక్కువ ధరకు మంచి లెన్సులు వచ్చాయి. కెనాన్ చాలాకాలం తలుపులు మూసే ఉంచింది. 2024లో ఆ రెండు సంస్థలకు దారి ఇచ్చినా, అదీ చిన్న సెన్సరు కెమెరాల లెన్సులతోనే మొదలైంది.

అందుచేత చేతిలో ఏమీ లేకుండా వృత్తిలోకి వచ్చే యువకుడికి సోనీ లెక్క సరిపోతుంది. ఈఎఫ్ లెన్సులు నాలుగున్న స్టూడియో వాటిని అయినకాడికి తెగనమ్మి సోనీకి వెళ్లడం మాత్రం నష్టమే. ఒక అడాప్టరు, వాడిన ఆర్6 చాలు. నికాన్ వారు ముందు తమ లెన్సులపై రాసి ఉన్న అక్షరాలు చదువుకుని ఆపైన బేరమాడాలి.

కనిపించని ఖర్చులు

బ్యాటరీ సంగతి మరిచేవారు ఎక్కువ. నికాన్ డీ750కి ఒక్క చార్జింగుతో 1,230 చిత్రాలని ప్రమాణిక లెక్క. జడ్6కు 310. రాత్రంతా సాగే పెళ్లికి మూడు నాలుగు బ్యాటరీలు వెంట ఉండాల్సిందే. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టరు అని మురిసిపోతే, కల్యాణ మండపాల ఎల్ఈడీ దీపాల కింద చాలా కెమెరాలు ఫొటోలపై చారలు పడేస్తాయి.

అమెరికాలో ఉన్న బావమరిదో, మేనల్లుడో తెస్తాడని ఎదురుచూడటం మన డెల్టాలో పరిపాటి. వారంటీ చాలా సందర్భాల్లో కొన్న దేశానికే పరిమితమన్నది గుర్తుంచుకోవాలి. పైగా 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రిజిస్ట్రేషను ఉన్న స్టూడియో ఇక్కడ బిల్లుతో కొంటే ఆ పన్నును తాను కట్టాల్సిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు లేని సరుకుకు ఆ వెసులుబాటు లేదు.

ఏ కంపెనీదైనా కృష్ణా తీరపు తేమకు ఒకటే. తోలు సంచిలో మూసి పెట్టిన లెన్సుకు ఒక్క వర్షాకాలం చాలు, గాజు మీద బూజు అల్లుకోవడానికి. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు పెద్ద ఖర్చేమీ కాదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత, పరికరాలను కింది అరలో పెట్టవద్దని నగరవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. ఇప్పుడు కొనే లెన్సు అప్పటికీ చేతిలోనే ఉంటుంది. కెమెరా ఉంటుందో లేదో చెప్పలేం. కొనేముందు ఒక ముహూర్తానికి అద్దెకు తెచ్చుకుని, తమ పాత లెన్సులనే దానికి బిగించి, అదే మండపంలో అదే వెలుగులో వాడి చూసుకునే వీలుంది. ఒక రోజు అద్దె పోతే పోయింది.